ఏడున్నరేళ్ళ వీరభద్ర

కడప
జూలై 12, 2024

భువనా,

మా శిబిరం డ్రైవరు ఓబుళేశు వ్యాను దిగుతూనే మీ ఊరి కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. ప్రతి పిల్లవాడి పేరు పక్కన వయసు నీ చేతిరాతలో ఉంది. కర్నూలు హాస్టల్లో ఒకే గదిలో ఒకే బకెట్టుతో రెండేళ్ళు నీళ్ళు పోసుకున్నప్పుడు కూడా నీ అక్షరాలు ఇట్లాగే ఉండేవి, చీమలు బారు కట్టినట్టు. పదహారేళ్ళ తర్వాత మళ్ళీ చూశాను. కాసేపు పని మానేసి చదువుకున్నాను.

ఇకమీదట ఉత్తరాలే రాయి. ఫోను చేస్తే "ఊఁ, సరే, బాగుండాము" తప్ప నీ నోట మరో ముక్క రాదు. మీ అత్త పక్కనే కూర్చుని వింటూ ఉంటుందని నాకు తెలియదనుకున్నావా? కాగితాల కవరు నెలకోసారైనా ఎలాగూ అటూ ఇటూ తిరుగుతుంది. అందులో ఒకటి దూర్చెయ్యి. నేనూ దూరుస్తాను.

మీ ఊరి శిబిరం చాలా బాగా జరిగింది. ఆశా కార్యకర్తలు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు కానీ, ఏ రోగమూ లేని పిల్లల్ని స్కానింగ్ మిషను ముందు వరసగా పడుకోబెట్టడం నీ ఒక్కదానివల్లే అయింది. మా నాన్న కొట్టులో కూర్చుని వచ్చిపోయే వాళ్ళందరికీ చెబుతున్నాడట, "ఆరోగ్యంగా ఉండే పిల్లల్ని పిలిచి చూసే డాక్టరును నా కూతుర్నే చూస్తాండా" అని. ఆయనకు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. నీకు ఒకసారి సరిగ్గా చెబుతాను, రేపు ఎవరైనా అడిగితే నువ్వు చెప్పాలి కదా.

ఏ వయసుకు పిల్లల కిడ్నీ ఎంత పొడవుండాలి, మూత్రపు సంచి ఎంత పట్టాలి అని మా దగ్గర పట్టికలు ఉన్నాయి. అవి ఎక్కడో చలిదేశాల పిల్లల్ని కొలిచి రాసినవి. ఆ లెక్కన చూస్తే మన ఎండల్లో జొన్నరొట్టె తిని పెరిగిన పిల్లల్లో చాలామంది రోగుల్లాగే కనబడతారు. అప్పుడు నిజంగా జబ్బున్నవాడు ఆ గుంపులో కలిసిపోతాడు, మాకు దొరకడు. అందుకని మన పిల్లలకు మన కొలతలు కావాలి. ఆరోగ్యం అంటే ఎంతో తెలిస్తేనే జబ్బు అంటే ఏమిటో తెలుస్తుంది. ఇంతే నా పరిశోధన.

మీ అబ్బాయి వీరభద్రను ఒకసారి కడపకు తీసుకురా. కంగారేమీ లేదు. మిషను ఆ రోజు సరిగ్గా చూపించలేదు, ఇంకోసారి చూస్తాను.

శ్రీవాణి


నక్కలదొడ్డి
(మంత్రాలయం దగ్గర)
ఆగస్టు 3, 2024

వాణీ,

నీ ఉత్తరం పశువుల కొట్టంలో కూర్చుని చదివాను. మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే, అందులో ఉల్లిగడ్డలు ఉంటాయి. మనుషులం అందరం ఒకరికొకరం వినబడేటట్టు బతుకుతాం. మా అత్త రామేశ్వరమ్మకు చెవులు శానా బాగుండాయి. కాబట్టి నువ్వు చెప్పిందే మేలు, రాసుకుందాం.

శిబిరం గురించి నువ్వు పొగిడావు గానీ, ఇక్కడ నేను తిన్న తిట్లు నీకు తెలియవు. "బాగుండే బిడ్డను పండబెట్టి కొలిస్తే దిష్టి తగలదా" అని వీధికొకరు. కడుపు మీద జిగురు రాస్తే చక్కిలిగిలి పుట్టి పిల్లలు నవ్వుతూ ఉంటే తల్లులు కూడా నవ్వారు, బతికిపోయాను.

వయసుల గురించి నువ్వు అడగలేదు గానీ చెబుతాను. బడి రిజిస్టరు నమ్మొద్దు. అందులో మా ఊరి పిల్లలంతా జూన్ నెలలోనే పుట్టారు, అయ్యవారు అట్లా రాసేస్తాడు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. నోట్లు రద్దయినప్పుడు కడుపులో ఉన్నాడా, చంకలో ఉన్నాడా? తుంగభద్ర పుష్కరాలకు నడిచి వచ్చాడా, ఎత్తుకున్నారా? కరోనా మొదటి ఏడు పాలు మానాడా? ఇట్లా అడిగితే తల్లులు నెలతో సహా చెబుతారు. నీ లెక్క తప్పదు.

మావాడు నోట్లు రద్దయిన వారం పుట్టాడు, వాడి విషయంలో అడగాల్సిన పని లేదు. ఏడున్నరేళ్ళకు ఒకటో తరగతి ఏమిటని నువ్వు ఆ రోజు అడిగావు. మేము రెండు మూడేళ్ళు గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయాం, అందుకే బడి ఆలస్యమయింది. మనిషి చిన్నగా కనబడితే మా అత్త పోలిక.

మిషను సరిగ్గా చూపించలేదని రాశావు. ఆ రోజు మిగతా పిల్లలందరికీ చూపించిన మిషను మావాడికి మాత్రమే చూపించలేదా? నువ్వు హాస్టల్లో కూడా అబద్ధం చెబితే వాక్యం పొట్టిగా చెప్పేదానివి. నిజం రాయి. నేను ఓర్చుకోగలను.

భువన


కడప
ఆగస్టు 20, 2024

భువనా,

సరే, నిజం.

వీరభద్ర కిడ్నీలు రెండూ వాడి వయసుకు చిన్నవిగా ఉన్నాయి. చలిదేశాల పట్టిక ప్రకారం చెప్పడం లేదు. మీ ఊర్లో వాడితో పాటు నేను చూసిన ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళ పిల్లలందరిలోకీ వాడివే చిన్నవి. నేను రెండుసార్లు కొలిచాను. మూడోసారి కొలుస్తుంటే నువ్వు నా మొహం చూశావు, అప్పుడు ఆపేశాను.

అదొక్కటే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. ఎత్తు తక్కువ, బరువు తక్కువ. ఏడున్నరేళ్ళవాడికి ముందుపళ్ళు నాలుగూ ఇంకా పాలపళ్ళే. కిడ్నీలు పుట్టుకతోనే బలహీనంగా ఉన్న పిల్లలు ఇట్లాగే ఎదుగుదల లేక ఆగిపోతారు. పైకి ఆడుకుంటూనే ఉంటారు. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి కిడ్నీలు పని మానేస్తాయి. అప్పుడు ఇంటికి చాలా దూరాన డయాలసిస్ మిషను మీద పెట్టాల్సి వస్తుంది. ఇప్పుడే పట్టుకుంటే చాలా ఏళ్ళు నిలబెట్టవచ్చు. నాకు కావలసింది అదే.

ఇది రాయడానికి నాకు నెల పట్టింది. మన్నించు. ఆరోగ్యవంతుల పట్టిక కోసం పిల్లవాణ్ణి అడిగి తీసుకుని, నీ చేతికి జబ్బు పెట్టి పంపినట్టుంది.

కొన్ని అడుగుతాను, దాచకుండా రాయి. చంటితనంలో వాడికి మాటిమాటికీ జ్వరాలు వచ్చేవా? మూత్రం ధారగా పోసేవాడా, బొట్లు బొట్లుగా వచ్చేదా? మీ ఇంట్లో గానీ మీ ఆయన సుంకన్న వైపు గానీ చిన్నప్పుడే పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా? కొన్ని జబ్బులు అన్నదమ్ముల్లో కనిపిస్తాయి, అందుకని అడుగుతున్నాను.

వచ్చే నెలలో తీసుకురా. మా ఇంట్లోనే ఉండండి. మా నాన్నకు ఒక పిల్లవాడు దొరికితే కొట్టులో బెల్లం అంతా పెట్టేస్తాడు.

నీ వాణి


నక్కలదొడ్డి
సెప్టెంబరు 1, 2024

వాణీ,

తీసుకొస్తాను. సుంకన్న కూడా వస్తాడు.

వాడికి జ్వరాలు ఎక్కువ రాలేదు. మూత్రం బాగానే పోస్తాడు, గోడ మీద ఎవరు పైకి పోస్తారో అని పిల్లలతో పందెం వేస్తాడు.

మా ఇంట్లో చిన్నప్పుడు పోయినవాళ్ళు ఎవరూ లేరు.

భువన


కడప
అక్టోబరు 9, 2024

భువనా,

మీరు బస్సెక్కి వెళ్ళి నాలుగు రోజులయింది. ఇల్లు బోసిగా ఉంది. మా నాన్న తక్కెడలో కూర్చోబెట్టి ఆడించిన పిల్లవాడు మళ్ళీ ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు.

ఫలితాలు వచ్చాయి. రక్తం బాగుంది. మూత్రంలో ఏ దోషమూ లేదు. గొట్టం పెట్టి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో దారి కూడా తెరిచే ఉంది, మూత్రం వెనక్కి తన్నడం లేదు. ఇవన్నీ మంచి వార్తలే. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల ఎదుగుదల ఐదేళ్ళ పిల్లవాడిలా ఉంది. ఏడున్నరేళ్ళ వీరభద్ర ఐదేళ్ళ దగ్గర ఎక్కడో ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు చిక్కడం లేదు. జబ్బు దొరికితే మందు ఉంటుంది, దొరకకపోతేనే నాకు చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

ఇంకా రెండు పనులున్నాయి. బెంగళూరులో ఒక స్కాను, సూది ద్వారా మందు ఎక్కించి కిడ్నీల్లో ఎంత భాగం పనిచేస్తున్నదో చూస్తారు. అందులో నాకు అనుమానం వస్తే ఇక్కడే మత్తు ఇచ్చి, కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను. డిసెంబరు మొదటివారంలో పెట్టుకుందాం.

ఒక మాట చెప్పనా? నువ్వు ఈసారి నా మొహంలోకి చూడలేదు. గొట్టం పెట్టేటప్పుడు వాడు కేకలు పెడుతుంటే సుంకన్న బయటికి పోయాడు. నువ్వు వాడి రెండు చేతులూ పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డావు. ఎవరైనా ఏడుస్తారు, లేదా నన్ను తిడతారు. నువ్వు ఏదీ చెయ్యలేదు. నామీద కోపమా? కోపమైతే రాసెయ్యి. నేను ఓర్చుకోగలను, నీ మాటే నీకు చెబుతున్నాను.

వాణి


నక్కలదొడ్డి
నవంబరు 2, 2024

వాణీ,

ఈ ఉత్తరం చదివాక నాకు ఉత్తరాలు రాయడం మానేస్తావేమో. మానెయ్యి. కానీ వాడికి సూది మాత్రం పొడవొద్దు.

వాడికి ఐదేళ్ళే. ఐదు నిండి ఎనిమిదినెలలు.

నోట్లు రద్దయిన వారం పుట్టిన వీరభద్ర వేరే. వాడు నా పెద్దకొడుకు. రెండేళ్ళు నిండకుండానే వానాకాలంలో పోయాడు. అప్పటికి చిన్నవాడు నా కడుపులో ఉన్నాడు. మూడునెలలు తిరగకముందే మేము మిరప కోతకు పోయాం. ఆ పొలం గట్టున వేసిన పట్టల కిందనే చిన్నవాడు పుట్టాడు. ఆస్పత్రి లేదు, కాగితం లేదు. మా అత్తే బొడ్డు కోసింది. కోసి, వాణ్ణి బోర్లా తిప్పి చూసింది. పెద్దవాడికి ఎడమచెవి వెనకాల ఒక మచ్చ ఉండేది. వీడికీ అక్కడే ఉంది. ఆమె నన్ను చూసి, "వాడే మల్ల వచ్చినాడు. దోవ తప్పకుండా వచ్చినాడు. వేరే పేరు పెడితే ఈ ఇల్లు కాదేమో అనుకోని ఎలబారి పోతాడు" అంది.

అదే పేరు పెట్టాం. ఆధార్ కార్డు అదే, రేషను కార్డులో పేరు అదే. మా ఇంట్లో ఎవరూ పోలేదు. అదీ మా అత్త పెట్టిన కట్టడి. ఇద్దరని నోటితో అంటే ఉన్నవాడు కూడా దక్కడు. ఊరందరికీ తెలుసు. ఊరంతా ఊరకుంది, మా మీద జాలితోనే. నేను ఆశా కార్యకర్తను. ఈ ఊర్లో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసే పని నాదే. అందరి పిల్లలకూ నేను అడిగి అడిగి సరైన వయసు రాసి ఇచ్చాను, నీకు పంపింది తప్పు కాకూడదని. నావాడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి అదే తారీఖు రాసింది. ఆరేళ్ళుగా రాస్తున్న తారీఖు.

నువ్వు వాడికి జబ్బన్నప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో రాస్తాను, నీకు అర్థమవుతుందో లేదో. భయం ఒకటి. చెబితే ఉన్నవాడు పోతాడేమోనని. ఇంటర్ చదివిన దానివి ఇట్లాంటివి నమ్ముతావా అనొద్దు. బిడ్డ పోయాక మనిషి ఏదైనా నమ్ముతుంది.

రెండోది ఇంకా చెడ్డది. నువ్వు నీ ఉత్తరాల్లో ఏడున్నరేళ్ళవాడు, ఏడున్నరేళ్ళ వీరభద్ర అని రాస్తావు. ఆ మాట నేను కొట్టంలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. నా పెద్దవాడు బతికి ఉంటే ఏడున్నరేళ్ళే కదా. వాడికి పళ్ళు ఊడాలి, ఎముకలు ఇంత ఉండాలి, కిడ్నీలు ఇంత పొడవుండాలి అని నువ్వు రాస్తుంటే వాడు ఎక్కడో పెరుగుతున్నట్టే ఉండేది. వాడి గురించి ఇన్నేళ్ళలో అట్లా మాట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ సంతోషం కోసం చిన్నవాడి చేతులు పట్టుకుని నీ గొట్టం కింద పెట్టాను.

బస్సులో వచ్చేటప్పుడు వాడు నా ఒళ్ళో పండుకుని, "మా, నేనేం జేసినా? నన్నెందుకు కొట్టించినావు ఆయమ్మతో" అన్నాడు. ఇంక దాచలేక రాస్తున్నాను.

భువన


కడప
నవంబరు 11, 2024

భువనకు,

మీ అబ్బాయికి ఏ జబ్బూ లేదు. కిడ్నీలు, ఎత్తు, ఎముకలు, పళ్ళు అన్నీ ఐదున్నరేళ్ళకు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. నా దగ్గరున్న ఐదేళ్ళ పిల్లల కొలతల్లో నీ కొడుకు నట్టనడుమ ఉన్నాడు. బెంగళూరు స్కాను రద్దు చేశాను. డిసెంబరులో రానక్కరలేదు.

ఏ అవసరమూ లేని పరీక్ష ఒక చిన్నపిల్లవాడికి నా చేతులతో చేశాను. వాడి కేకలు నాకు ఇంకా వినిపిస్తున్నాయి. ఆ రోజు నువ్వు ఒక్క మాట అంటే ఆగిపోయేది. అదే గదిలో ఉన్నావు. నీకు కోపమా అని నేను అడిగాను చూడు, నాకు సిగ్గుగా ఉంది.

మీ ఊరి మిగతా పిల్లల వయసులు నిజమో కాదో నాకు తెలియాలి. కాకపోతే ఆ ఊరి కాగితాలన్నీ తీసేస్తాను.

శ్రీవాణి


నక్కలదొడ్డి
నవంబరు 24, 2024

శ్రీవాణీ,

మిగతా వయసులన్నీ నిజం. మళ్ళీ ప్రతి ఇంటికీ పోయి అడిగి వచ్చాను. మార్చాల్సింది ఒక్కటీ లేదు. నీకు నమ్మకం లేకపోతే వేరే మనిషిని పంపి అడిగించు, నేను ఏమీ అనుకోను. నువ్వు తిట్టినదాంట్లో తప్పు లేదు. ఇంకా తిడతావనుకున్నాను.

వాడికి జబ్బు లేదన్న మాట చదివి, ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని, పొయ్యి దగ్గరకు పోయి రొట్టెలు చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే జబ్బు ఎందుకు ఉండిందో, ఎందుకు పోయిందో కూడా చెప్పాలి కదా.

నిన్ను ఒకటి అడుగుతాను. జవాబు రాయకపోతే అర్థం చేసుకుంటాను.

ఆగస్టు ఉత్తరంలో నువ్వు అడిగావు, జ్వరాలు మాటిమాటికీ వచ్చేవా, మూత్రం బొట్లు బొట్లుగా వచ్చేదా అని. చిన్నవాడికి లేదని రాశాను. పెద్దవాడికి ఉండేది. పుట్టినప్పటి నుంచీ అట్లాగే. వాడి గుడ్డ ఎప్పుడూ తడిగానే ఉండేది, ధారగా పొయ్యడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. పోసేటప్పుడు మొహం ఎర్రబడేటట్టు ముక్కేవాడు. పొట్ట కింద గట్టిగా ఉండేది, పిల్లవాడు పుష్టిగా ఉన్నాడని అందరూ ఆ పొట్ట మీద తట్టేవాళ్ళు. నెలకోసారి జ్వరం. టౌనులో సూది వేసేవాళ్ళు, తగ్గేది, మళ్ళీ వచ్చేది. మంత్రాలయంలో స్వామి మట్టి తెచ్చి నీళ్ళలో కలిపి పట్టాం. ఆఖరికి వాంతులు పట్టుకున్నాయి. ఊపిరి వేగంగా తీసేవాడు. పాలిచ్చినా తాగకుండా నా మొహమే చూసేవాడు. కర్నూలు పెద్దాస్పత్రికి ఎత్తుకుపోతుంటే ఎమ్మిగనూరు దాటకముందే పోయాడు. ఏం జబ్బని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నీ ప్రశ్నలు చదివిన రోజే నాకు తెలిసింది, నువ్వు అడుగుతున్నది వాడి గురించే అని. వాడు ఎందుకు పోయాడు వాణీ?

భువన


కడప
డిసెంబరు 8, 2024

భువనా, తల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు ఓపీ అయ్యాక గది తలుపు వేసుకుని కూర్చున్నాను. జవాబు రాయకపోతే అర్థం చేసుకుంటానన్నావు. రాయకుండా ఎలా ఉంటాను?

వాణ్ణి చూడకుండా నూటికి నూరుపాళ్ళు చెప్పలేను. కానీ నువ్వు రాసింది చదివితే నా కింద చదివే పిల్లలు కూడా పేరు చెబుతారు. కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే మూత్రం వచ్చే దారిలో పలచటి పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. ఉల్లిపొర కన్నా పలచన. మూత్రం బయటికి రాలేక సంచి ఉబ్బుతుంది, వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. మీరు పుష్టి అనుకున్న పొట్ట అదే. ఆ జ్వరాలు అవే. ఆఖరి వాంతులు, ఊపిరి, అన్నీ అదే.

తర్వాత నువ్వు అడగబోయే మాట కూడా నాకు తెలుసు, అందుకని నువ్వు అడగకముందే రాస్తాను. అవును, ఆపరేషను ఉంది. సన్నటి గొట్టంతో లోపలికి పోయి ఆ పొరను కొయ్యడమే. తొందరగా పట్టుకుంటే చాలామంది బతుకుతారు. అందరూ కాదు, కొందరి కిడ్నీలు కడుపులో ఉన్నప్పుడే పాడైపోయి ఉంటాయి. మీవాడు ఏ కోవలోవాడో నాకు తెలియదు. బతికేవాడేమో. నీకు అబద్ధం రాయలేను, నా వాక్యం పొట్టిగా ఉంటే నువ్వు పట్టేస్తావు.

వాడు పోయిన ఏడు నేను చండీగఢ్‌లో ఈ ఆపరేషన్లే నేర్చుకుంటున్నాను. నువ్వు నాకు ఉత్తరం రాసి ఉంటే అని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. నా అడ్రసు నీకు ఇవ్వనిది నేనే కదా. మన ఇద్దరికీ ఏడుపు తప్ప దీంట్లో దొరికేది ఏమీ లేదు. ఒక్కటి మాత్రం నా డాక్టరు చదువు మీద ప్రమాణంగా చెబుతున్నాను. నువ్వు చేసినదాని వల్ల గానీ చెయ్యనిదాని వల్ల గానీ వాడు పోలేదు. ఆ పొర వాడితోనే పుట్టింది. తడిగుడ్డ చూసి తల్లి కనిపెట్టగలిగే జబ్బు కాదు అది. కనిపెట్టాల్సింది మేము.

పోయిన ఉత్తరంలో నిన్ను కొట్టినట్టు రాశాను. ఆ కోపం నిజమే, కానీ అది రాసేటప్పుడు బిడ్డ పోయిన తల్లికి రాస్తున్నానని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నువ్వు వాడు పోయాడని చెప్పుకున్నది జన్మలో మొదటిసారి. దానికి నేను బెంగళూరు స్కాను రద్దయిందని జవాబు రాశాను.

నా పట్టికలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే చోటు. పెద్దవాణ్ణి అందులో రాయలేను భువనా. చిన్నవాణ్ణి రాస్తాను. వాడి అసలు పుట్టినరోజు పంపు. వాడిదంటూ ఒక పేరు పెట్టుకుంటే అదీ పంపు. తొందరేమీ లేదు. పట్టిక నీ కోసం ఆగుతుంది.

నీ వాణి


నక్కలదొడ్డి
జనవరి 30, 2025

వాణీ,

ఆలస్యమయింది. చెప్పడానికి చాలా ఉంది.

నీ ఉత్తరం సుంకన్నకు చదివి వినిపించాను. ఉల్లిపొర కన్నా పలచన అన్న చోట ఆపమన్నాడు. "నేను దినామూ అనుకుంటాండా వాణ్ణి. నీకు చెప్తే నువ్వు పడిపోతావని చెప్పలే" అన్నాడు. ఒకే ఇంట్లో ఆరేళ్ళు ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం తలుచుకున్నాం.

ఆ వారంలోనే మా అత్తకు చెప్పాను. ఆమె వాకిట్లో ఉల్లిగడ్డల కొసలు కోస్తూ ఉంది. నేను ఎదురుగా కూర్చుని, "అత్తా, నా పెద్దకొడుకు పోయినాడు. వీడు వాడు కాదు. వీడు చిన్నోడు" అన్నాను. గట్టిగానే అన్నాను, గోడ అవతల వాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. ఆమె కొడవలి కింద పెట్టి లోపలికి పోయింది. నాతో మాట మానేసింది. వండింది తినేది, నా మొహం చూసేది కాదు. రోజూ పొద్దున చిన్నవాణ్ణి లేపి, నుదురు తడిమి, ఒళ్ళు కాలడం లేదు కదా అని చూసేది. నేనూ చూసేదాన్ని, ఆమెకు తెలియకుండా. వాడికి ఏమీ కాలేదు. పండగ దాటినా ఏమీ కాలేదు.

వాడికి నేనే చెప్పాను, నీకొక అన్న ఉండేవాడని, ఈ పేరు అన్నదని. వాడు ఆలోచించి, "అయితే అన్న పేరు నేను తీసుకుంటినా? అన్నకు ఇచ్చెయ్యి మల్ల" అన్నాడు. హనుమేష్ అని పెట్టుకున్నాం, వాడే ఎంచుకున్నాడు. పుట్టింది ఫిబ్రవరి ఇరవై ఆరు, 2019. కార్డులు మార్చడానికి ఇంకా తిరగాలి. నీ పట్టికలో మాత్రం ఇప్పుడే రాయి.

అసలు చెప్పాల్సింది ఇది.

మాలో చిన్నపిల్లలను పూడ్చిపెడతారు. అక్కడికి ఆడవాళ్ళం పోము. ఎత్తుకుపోయినప్పుడు నన్ను ఇంట్లో పట్టుకుని కూర్చోబెట్టారు. ఎక్కడ పెట్టారో నేను అడగలేదు, ఎవరూ పోలేదన్న ఇంట్లో ఎక్కడ పెట్టారని ఎట్లా అడుగుతాం? మొన్న బుధవారం పొద్దున నేను నీళ్ళు తోడుతూ ఉంటే మా అత్త వచ్చి బిందె తీసి పక్కన పెట్టింది. "రా" అంది. అంతే. నా చెయ్యి పట్టుకుని వంక దాటించి, మా చేను చివరికి తీసుకుపోయింది. ఆడవాళ్ళు పోని చోటికి ఆమె ఎప్పుడు పోయిందో, ఎన్నిసార్లు పోయిందో నేను అడగలేదు. అక్కడ చిన్న రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో గడ్డి ఒక్కటీ లేదు. ఎవరో ఎప్పటికప్పుడు పీకుతున్నారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. "ఈడ తల ఉండాది" అని ఒక చెయ్యి నేల మీద పెట్టింది. "ఈడ కాళ్ళు" అని రెండో చెయ్యి పెట్టింది.

వాణీ, నేను వాణ్ణి ఏడున్నరేళ్ళు పెంచుకున్నాను, ఎనిమిది కూడా నిండించాను. బడికి పంపాను, పళ్ళు ఊడదీశాను. ఆమె రెండు చేతుల మధ్య నా కొడుకు ఇంతే ఉన్నాడు. మూరన్నర కన్నా కొంచెం ఎక్కువ. అంతే.

నేను ఆ రెండు చేతుల మధ్య తల పెట్టి ఏడ్చాను. మా అత్త చేతులు తియ్యలేదు. "నా బంగారు బిడ్డా, నా పెద్దోడా" అని ఆమె కూడా ఏడ్చింది. ఆమె నోట పెద్దోడు అన్న మాట వినడం అదే మొదలు. చాలాసేపు అట్లాగే ఉన్నాం. పొద్దెక్కి ఎండ చురుక్కుమన్నాక ఆమే నన్ను లేపింది. చిన్నోడు బడికి పోవాలి, ఇంకా రొట్టె చెయ్యలేదని ఇద్దరం ఇంటికి వచ్చాం.

భువన